కారు వెనక హిచ్: ఏది కొనాలి, ఎవరు బిగించాలి

వేసవికి అమ్మానాన్నలు అమెరికా వచ్చారంటే, ఇంట్లో మినీవ్యాన్ ఉన్నవారికి ఒక సంగతి తెలిసివస్తుంది: ఏడు సీట్ల బండిలో ఏడుగురు కూర్చుంటే వారి సంచులకు చోటుండదు. నయాగరాకు బయలుదేరే ముందు రాత్రి, రైస్ కుక్కర్ ఎవరి ఒళ్లో పెట్టాలా అని తర్జనభర్జన పడుతున్నప్పుడు నాకు మొదటిసారి కారు వెనక సామాను తగిలించే హిచ్ ఆలోచన వచ్చింది. మా పక్కింటివారికి అదే అవసరం పిల్లల సైకిళ్ల వల్ల వచ్చింది. చదువు ముగించి ఉద్యోగం కోసం వేరే రాష్ట్రానికి వెళ్లే కుర్రవాళ్లకు అద్దెకు దొరికే యూ-హాల్ ట్రైలర్ వల్ల వస్తుంది. ముగ్గురూ వెతికే మాట ఒకటే. కొనవలసిన సరుకు మాత్రం ఒకటి కాదు, బిగించవలసిన చేయి కూడా ఒకటి కాదు.

మన ఊళ్లలో ట్రాక్టరుకు ట్రక్కు తగిలించే చోటు చూసినవారికి హిచ్ గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. అక్కడ చిల్లులున్న ఇనుప పట్టీ, అందులోకి దిగే పిన్ను ఉంటాయి. ఇక్కడ కారు అడుగున ఛాసీకి బోల్టులతో బిగించే అడ్డగొట్టం, దాని మధ్యలో బంపర్ కింద నుంచి తొంగిచూసే చదరపు నోరు ఉంటాయి. ఆ నోటినే రిసీవర్ అంటారు. ట్రైలర్ లాగాలంటే అందులోకి ఇనుప బంతి ఉన్న కడ్డీ దూరుస్తారు. సైకిళ్లకైతే ర్యాక్, సామానుకైతే పెద్ద పళ్లెంలాంటి కార్గో క్యారియర్ దూర్చి పిన్ను వేస్తారు.

బరువు లెక్క ముందు

హిచ్‌లను తరగతులుగా అమ్ముతారు. ఒకటో తరగతి 2,000 పౌండ్ల ట్రైలర్ వరకు, రెండోది 3,500 వరకు, మూడోది 8,000 వరకు తట్టుకుంటుందని పెట్టె మీద ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ అంకెలు హిచ్ బలానివి, కారు బలానివి కావు. మూడో తరగతి హిచ్ బిగించి కారు 8,000 పౌండ్లు లాగుతుందనుకోవడం, కాడి మార్చి ఎద్దుకు బలం వచ్చిందనుకోవడం లాంటిది. హిచ్, దానికి తగిలించే వస్తువు, కారు, ఈ మూడింటిలో ఏ అంకె తక్కువో అదే మీ హద్దు. నూటికి తొంభై సార్లు అది కారు అంకే అవుతుంది.

కారు అంకె యజమాని పుస్తకంలో ఉంటుంది. అమెరికాలో మనవాళ్ల ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే బండ్లనే చూద్దాం. టొయోటా సియెన్నా 2020 వరకు వచ్చినవి 3,500 పౌండ్లు లాగుతాయి. 2021 నుంచి హైబ్రిడ్‌గా మారాక అది 1,500కు పడిపోయింది. పేరు అదే, ఆకారం దాదాపు అదే, లాగే శక్తి సగంకన్నా తక్కువ. హోండా ఆడిసీ ఇటీవలి మోడళ్లు 3,000. హైలాండర్ పెట్రోలుది 5,000, హైబ్రిడ్‌ది 3,500. ఆర్ఏవీ4 2025 వరకు వచ్చిన మామూలు రకం 1,500, హైబ్రిడ్ 1,750. టెస్లా మోడల్ వై, కంపెనీ టోయింగ్ ప్యాకేజీతో 3,500. ఇవి అమెరికా మార్కెట్ అంకెలు. ఏ ఏడాది మోడల్, ఏ రకం అన్నదాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ పుస్తకంలో ఉన్నదే వేదం. కొన్ని సెడాన్ల పుస్తకాల్లోనైతే ఈ కారుతో ఏదీ లాగవద్దని ఒక్క వాక్యంతో తేల్చేస్తారు.

ట్రైలర్ లాగే ఉద్దేశమే లేనివారు ఇంతవరకు చదివి, ఇది మనకు సంబంధించింది కాదులే అనుకుంటారు. అసలు చిక్కు వారికే. ట్రైలర్ బరువులో చాలా భాగం దాని చక్రాల మీదే ఉంటుంది. కారు వెనక భాగాన్ని కిందికి నొక్కే బరువు సుమారు పదో వంతు. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. క్యారియర్‌కు, సైకిల్ ర్యాక్‌కు చక్రాలుండవు. మోసే బరువంతా టంగ్ వెయిటే.

కొత్త సియెన్నాతో లెక్క వేద్దాం. 1,500లో పదో వంతు 150 పౌండ్లు. కార్గో క్యారియర్ పెట్టె మీద 500 పౌండ్ల వరకు మోస్తుందని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఉక్కు క్యారియర్ తన బరువే 55 పౌండ్ల దాకా తూగుతుంది. మిగిలింది 95. విమానంలో అనుమతించే 23 కిలోల సూట్‌కేసు ఒక్కొక్కటి 50 పౌండ్లు. రెండు పెట్టగానే హద్దు దాటిపోయారు. పెట్టె మీద 500 అని చూసి, అయిదారు సూట్‌కేసులు కట్టి, పైన టార్పాలిన్ బిగించి, వెనక చక్రాలు సగం గుంటలో దిగినట్టు కనిపిస్తున్న మినీవ్యాన్లను రహదారి మీద నేను చూశాను. ముందు చక్రాల మీద భారం తగ్గితే స్టీరింగుకూ బ్రేకుకూ పట్టు తగ్గుతుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లల్లో పడతాయి.

ఇంకొక అంకె కూడా చూడాలి. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించరాదని అందులో ఉంటుంది. అది 1,200 అనుకోండి. ఏడుగురు సగటున 150 పౌండ్ల చొప్పున 1,050. ఇక మిగిలింది 150, అందులోనే హిచ్ బరువు, క్యారియర్, సామాను అన్నీ సర్దాలి. హిచ్ ఒక్కటే 40 పౌండ్లుంటుంది. మొత్తం కుటుంబం ఎక్కిన బండికి హిచ్ సామాను సమస్యను తీర్చేది చోటు విషయంలోనే. బరువు విషయంలో అది ఏమీ కలపదు, పైగా కొంత తినేస్తుంది. కాబట్టి క్యారియర్‌లో పరుపులు, దుప్పట్లు, బట్టలు, పిల్లల స్ట్రోలర్ లాంటి చోటు తినే తేలిక సామాను పెట్టి, బియ్యం సంచీ, నీళ్ల సీసాలు బండి లోపల మధ్య సీట్ల కాళ్ల దగ్గర పెట్టండి.

రూఫ్ బాక్స్‌తో పోలిస్తే ఎలా అని అడుగుతారు. పైకప్పు మీద పెట్టెకు మొదట అడ్డకడ్డీలు కావాలి, గాలికి ఎదురు నిలుస్తుంది కాబట్టి పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది, ఎత్తు మరిచిపోయి గరాజ్‌లోకి దూరితే రెండూ పోతాయి. కానీ వెనక తలుపు మామూలుగా తెరుచుకుంటుంది, వెనక నుంచి ఎవరైనా తాకితే సామాను మొదట బలికాదు. ఏడాదికి ఒక్క ప్రయాణమే చేసేవారికి, సైకిళ్ల అవసరం లేనివారికి నేను రూఫ్ బాక్సే చెబుతాను. ఒక్కసారి ఇల్లు మారడానికైతే హిచ్ కొనకండి, చిన్న ట్రక్కు అద్దెకు తీసుకోండి.

అంగుళంపావా, రెండంగుళాలా

రిసీవర్ నోరు చిన్న కార్లకు అంగుళంపావు, పెద్దవాటికి రెండంగుళాలు ఉంటుంది. ఒకటో, రెండో తరగతులు సాధారణంగా అంగుళంపావు; మూడో తరగతి రెండంగుళాలు. మీ కారుకు రెండూ దొరుకుతుంటే రెండంగుళాలదే తీసుకోండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ధరలో తేడా ఎక్కువ ఉండదు, బరువు కొన్ని పౌండ్లు పెరుగుతుంది, అంతే. నాలుగు సైకిళ్ల ర్యాకులు, మంచి కార్గో క్యారియర్లు చాలావరకు రెండంగుళాల నోటికే చేస్తారు. కారు హద్దు మాత్రం దానివల్ల పెరగదు.

చిన్న నోరు కొనేసి తరువాత అడాప్టర్‌తో రెండంగుళాలకు మార్చుకోవచ్చు కదా అంటారు. అడాప్టర్ గానీ పొడిగింపు కడ్డీ గానీ బరువును కారు నుంచి ఇంకా వెనక్కి జరుపుతుంది. నీళ్ల బిందెను చంకన పెట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో అంత తేడా హిచ్‌కు తెలుస్తుంది. పొడిగింపు కడ్డీ వాడితే హిచ్ సామర్థ్యాన్ని సగానికి తగ్గించి లెక్కించాలని తయారీదారులే చెబుతారు. బ్యాటరీ సైకిళ్లున్నవారు మరీ జాగ్రత్త. ఒక్కొక్కటి 60 పౌండ్లు, ర్యాక్ మరో 60 అనుకుంటే రెండు సైకిళ్లకే 180. మీ కారు హద్దు 150 అయితే బ్యాటరీలు తీసి లోపల పెట్టినా అది గట్టెక్కడం కష్టం.

సెడాన్లకు చాలావరకు అంగుళంపావే దొరుకుతుంది. దానికి రెండు మామూలు సైకిళ్లు చాలు.

కొనే ముందు చదవవలసిన కాగితం

కర్ట్, డ్రా-టైట్ లాంటి తయారీదారులు ప్రతి హిచ్‌కూ బిగింపు సూచనల కాగితాన్ని తమ వెబ్‌సైట్లలో ఉచితంగా పెడతారు. ధరలు పోల్చే ముందు అది చదవాలి. ఒకే కారుకు రెండు కంపెనీల హిచ్‌లు రెండు రకాల పని చెబుతాయి. ఒకదానికి ఛాసీలో కారు కంపెనీ ముందే పెట్టిన మర చిల్లులు చాలు. ఇంకొకదానికి బంపర్ మొత్తం విప్పి, లోపలి ఉక్కు దూలాన్ని తీసి, దాని స్థానంలో హిచ్ పెట్టాలి. రెండో రకం బిగించాక చూడముచ్చటగా ఉంటుంది, గొట్టం కనిపించదు, నోరు మాత్రమే కనిపిస్తుంది. ఆ అందానికి మూల్యం మీ శనివారమూ, బహుశా ఆదివారమూ.

కాగితంలో నేను చూసేవి ఇవి. ఛాసీకి కొత్తగా చిల్లు వేయాలని ఉంటే అది ఇంట్లో చేసే పని కాదు. బంపర్ విప్పాలని ఉంటే, అందులో పార్కింగ్ సెన్సార్లున్న కొత్త కార్లకు నేను చేయి పెట్టను. ప్లాస్టిక్ క్లిప్పులు విరిగితే దొరుకుతాయి, సెన్సార్ తీగ తెగితే తలనొప్పి. సైలెన్సర్‌ను కొంచెం కిందికి దించాలని ఉంటే భయపడనక్కరలేదు. అది రబ్బరు కొక్కేలకు వేలాడుతుంటుంది. సబ్బునీళ్లు రాసి లాగితే జారి వస్తాయి. ఇంజిన్ చల్లారాక చేస్తే చాలు. అడుగున ఉన్న ప్లాస్టిక్ రేకును కొంత కోయాలని ఉన్నా ఫరవాలేదు.

కొన్ని కార్లలో మర చిల్లులుండవు, బోలుగా ఉన్న ఛాసీ దూలం లోపలి నుంచి బోల్టును బయటికి లాగాలి. దానికి పెట్టెలో చుట్టలు చుట్టిన తీగ ఇస్తారు. తీగను చిల్లులోంచి లోపలికి పంపి, పక్కనున్న పెద్ద చిల్లు దగ్గర బయటికి తీసి, దాని చివర బోల్టును తిప్పి, మళ్లీ వెనక్కి లాగాలి. పైజామాలోకి పిన్నీసుతో నాడా ఎక్కించడం తెలిసినవారికి ఇది వెంటనే వస్తుంది. లాగేటప్పుడు బోల్టు తీగ నుంచి ఊడి దూలంలో పడిపోతే మాత్రం, దాన్ని అయస్కాంతంతో వెతికి తీసేదాకా ప్రతి మలుపులోనూ లోపల గలగలమంటూనే ఉంటుంది.

ఎవరు బిగించాలి

డీలరు దగ్గర కంపెనీ హిచ్ బిగిస్తారు. వైరింగ్ కారు తీగలతో సరిగ్గా కలుస్తుంది, తరువాత ఏ గొడవ వచ్చినా ఒకే గుమ్మం తొక్కితే చాలు. ధర మాత్రం బయటి హిచ్‌కు రెండు మూడింతలు అడుగుతారు. కారు లీజుదైతే, ట్రైలర్ తరచుగా లాగేవారైతే, ఆ డబ్బు దండగ కాదు. లీజు కంపెనీని ముందే అడగడం మరవకండి.

హిచ్ దుకాణాలు, యూ-హాల్ కేంద్రాలు నడిమి దారి. వాళ్లకు ఇది రోజూ చేసే పని. ఒక మినీవ్యాన్ ఒకటి రెండు గంటల్లో అయిపోతుంది. మీరు ఆన్‌లైన్‌లో కొన్న హిచ్‌ను బిగిస్తారో లేదో, వైరింగ్ కూలి అందులో కలిసి ఉందో లేదో ముందు ఫోనులోనే తేల్చుకోండి.

ఇంట్లో బిగించుకుంటే మిగిలేది ఆ కూలి డబ్బే. ఆ పని ఎవరికి తగుతుందంటే, కారుకు మర చిల్లులుండి, సొంత గరాజ్ గానీ చదునైన డ్రైవ్‌వే గానీ ఉండి, పిలిస్తే వచ్చే స్నేహితుడు ఒకరుండాలి. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు తమ లీజు చూసుకోవాలి, పార్కింగ్‌లో కారు మరమ్మతులు చేయరాదని చాలా చోట్ల షరతు ఉంటుంది. రెండో మనిషి తప్పనిసరి. 40 పౌండ్ల ఇనుమును ఛాతీ మీద పెట్టుకుని పడుకుని, ఒక చేత్తో పైకెత్తి, ఇంకో చేత్తో బోల్టు వెతకడం ఒక్కడి వల్ల కాదు.

జాకీ మీద నిలబెట్టిన కారు కింద దూరవద్దు. జాకీ ఎత్తడానికే, ఆపడానికి స్టాండ్లు ఉంటాయి. వేసవిలో తారు మెత్తబడి స్టాండ్లు దిగబడతాయి, కింద ప్లైవుడ్ ముక్క వేయండి. కొన్ని బండ్లకు అడుగున చోటు బాగానే ఉంటుంది, ఎత్తకుండానే పని జరిగిపోతుంది. బోల్టును కొలిచి బిగించే టార్క్ రెంచ్ లేదని కొత్తది కొనకండి. ఆటోజోన్, ఓరైలీ దుకాణాలు కొంత డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు ఇస్తాయి, తిరిగి ఇచ్చేస్తే డబ్బు వాపసు ఇస్తాయి.

నా పాత సియెన్నాకు నేనే బిగించుకున్నాను. న్యూజెర్సీలో ఆరు చలికాలాలు చూసిన బండి అది. రోడ్ల మీద చల్లే ఉప్పు ఛాసీ మరల్లోకి దూరి తుప్పు పట్టించింది. వైర్ బ్రష్‌తో శుభ్రం చేయమని కాగితంలో ఉంది. నేను నాలుగు చిల్లుల్లో మూడింటికి చేసి, నాలుగోదానికి ఓపిక లేక బోల్టు పెట్టి పానాతో తిప్పేశాను. బోల్టు వంకరగా ఎక్కి మర పోయింది. పని అక్కడే ఆగిపోయింది. మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లి మర మళ్లీ కోయించుకుంటే, దాచుకున్న కూలి డబ్బులో సగం అక్కడే పోయింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా చెప్పేది ఇదే: ప్రతి బోల్టూ వేళ్లతో కనీసం మూడు నాలుగు చుట్లు సాఫీగా తిరగాలి. తిరగకపోతే తప్పు మీ బలంలో లేదు, మరలో ఉంది. అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించాకే ఒక్కొక్కటీ బిగించాలి. గాలి తుపాకీలాంటి ఇంపాక్ట్ రెంచ్‌ను మొదటి చుట్టుకు వాడకండి. చివరి బిగింపు కాగితంలో ఇచ్చిన ఫుట్-పౌండ్ల (బిగింపు బలం కొలత) అంకెకే, టార్క్ రెంచ్ టిక్కుమనేదాకా.

ఉప్పు చల్లే రాష్ట్రాల్లో పదేళ్లు దాటిన కారైతే దుకాణానికే ఇవ్వండి. టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఉన్నవారి మరలు సాధారణంగా శుభ్రంగా ఉంటాయి. డాలస్‌లోని మా తమ్ముడు ఇదే పని నలభై నిమిషాల్లో చేసి ఫోటో పంపాడు, కొంచెం వెక్కిరింపుగానే.

తీగల సంగతి

సైకిల్ ర్యాక్‌కు, క్యారియర్‌కు వైరింగ్ అక్కరలేదు, అవి కారు వెనక దీపాలనూ నంబరు ప్లేటునూ కప్పకుండా ఉన్నంతవరకు. ప్లేటు కనిపించకపోతే చాలా రాష్ట్రాల్లో పోలీసులు ఆపవచ్చు. ట్రైలర్‌కు మాత్రం దీపాలు తప్పవు.

చిన్న ట్రైలర్లకు నాలుగు తీగల బల్లపరుపు కనెక్టర్ చాలు. తెలుపు ఎర్త్, గోధుమరంగు వెనక దీపాలకు, పసుపు ఎడమ బ్రేకుకూ సిగ్నల్‌కూ, ఆకుపచ్చ కుడివైపుకు. మీ కారులో బ్రేకు దీపం ఎర్రగా, సిగ్నల్ విడిగా పసుపు రంగులో వెలుగుతుంటే, రెండింటినీ ఒకే తీగలోకి కలిపే కన్వర్టర్ కావాలి. మీ మోడల్‌కే చేసిన తీగల కట్టను కొంటే అది అందులోనే ఉంటుంది, కారు దీపాల ప్లగ్గుల మధ్య దూర్చితే సరిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకునే రకమైతే ఫ్యూజుతో సహా ఒక తీగను ముందు వరకు లాగాలి. అది కొంచెం విసుగు పని, కానీ కారు దీపాల సర్క్యూట్ మీద భారం పడదు కాబట్టి కొత్త కార్లకు నేను అదే ఎంచుకుంటాను. కారు తీగలను కోసి అతికే చవక రకాన్ని మాత్రం వద్దంటాను. నేటి కార్లలో దీపాలు కంప్యూటర్ చేతిలో ఉంటాయి. ఒక తప్పు అతుకు ఖరీదు హిచ్ ఖరీదును దాటవచ్చు. హిచ్ మీరు బిగించుకుని వైరింగ్ దుకాణానికి ఇవ్వడంలో చిన్నతనం ఏమీ లేదు.

యూ-హాల్ ట్రైలరే లక్ష్యమైతే ఈ అంకెలు దగ్గర పెట్టుకోండి. 4×8 అడుగుల మూసిన ట్రైలర్ ఖాళీగానే 850 పౌండ్లు, 5×8 సుమారు 900, 6×12 దాదాపు 1,920. అంటే 1,500 పౌండ్ల కారు 6×12ను ఖాళీగా కూడా లాగలేదు. చిన్నదానిలోనూ 650 పౌండ్ల సామానే పడుతుంది. ఒక సోఫా, ఒక మంచం, కొన్ని పుస్తకాల పెట్టెలు. సామానులో 60 శాతం ట్రైలర్ ముందు సగంలో ఉండాలి. వెనక బరువెక్కితే ట్రైలర్ పాములా ఊగుతుంది, అప్పుడు బ్రేకు తొక్కితే మరింత ఊగుతుంది. వేగం గంటకు 55 మైళ్లు దాటవద్దన్నది యూ-హాల్ నియమం. బంతి 1 7/8 అంగుళాలదైనా 2 అంగుళాలదైనా వారి చిన్న ట్రైలర్లకు సరిపోతుంది. రెండోది కొంటే ఇతర ట్రైలర్లకూ పనికొస్తుంది.

వారంటీ గురించి భయపెడతారు. బయటి హిచ్ బిగించినంత మాత్రాన కారు వారంటీ మొత్తం పోదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, చెడిన భాగానికీ హిచ్‌కూ సంబంధం ఉందని కారు కంపెనీవారు చూపించాలి. అయితే మీరు కోసి అతికిన తీగ వల్ల దీపాలు పోతే ఆ సంబంధం చూపించడం వారికి కష్టం కాదు. బ్రిటన్‌లో ఉన్నవారికి పద్ధతి వేరు. అక్కడ 1998 ఆగస్టు 1 నుంచి రిజిస్టరయిన కార్లకు ఆమోద ముద్ర ఉన్న టోబార్ (హిచ్‌కు అక్కడి పేరు) మాత్రమే బిగించాలి, ఈ అమెరికా సరుకు పనికిరాదు.

బిగించిన తరువాత యాభై మైళ్లు తిరిగి వచ్చి బోల్టులను మరోసారి టార్క్ రెంచ్‌తో చూడండి. నా బండికి ఒకటి పావు చుట్టు తిరిగింది. వాడనప్పుడు బంతి కడ్డీని తీసి లోపల పెట్టి, రిసీవర్ నోటికి రబ్బరు మూత వేయండి. మా ఇంట్లో ఆ కడ్డీని వదిలేసిన వారం రోజుల్లో ముగ్గురి మోకాలి కింది ఎముకలకు తగిలింది. మూడోది మా నాన్నగారిది. ఆ సాయంత్రం నుంచి అది గరాజ్ అలమరలో ఉంటోంది.